తమ్ముడికి పదిహేడేళ్లు. నాన్‌బెయిలబుల్ కేసు, బెయిల్ రాదంటున్నారు. నిజమేనా?

పెద్దక్క
మా తమ్ముడికి 17 ఏళ్ల 4 నెలలు, ఇంటర్ రెండో సంవత్సరం. గురువారం సాయంత్రం వీడు బండి నడుపుతుంటే వెనక కూర్చున్న ఇద్దరు రోడ్డు పక్కన నడుస్తున్న ఒకావిడ చేతిలోంచి ఫోను లాక్కున్నారు. ఆ ఇద్దరిలో ఒకడికి 19, ఇంకొకడికి 22. "నాకేం తెలీదక్కా, పోనీయమంటే పోనిచ్చాను" అంటాడు వీడు. అందులో ఎంత నిజముందో నాకు తెలీదు. వాణ్ని వెనకేసుకురావడానికి ఇక్కడ రాయడం లేదు.

శుక్రవారం జువైనల్ బోర్డు ముందు హాజరుపరిచి అబ్జర్వేషన్ హోంకి (కేసు తేలేదాకా పిల్లల్ని ఉంచే చోటు) పంపారు. సోమవారం మళ్లీ ఉంది. తెలిసినవాళ్లు చెప్తే ఒక లాయరు గారి దగ్గరికి వెళ్లాం. స్నాచింగ్ నాన్‌బెయిలబుల్ అమ్మా, చార్జిషీటు పడేదాకా బెయిల్ మాటే ఎత్తకూడదు అన్నారు. అమ్మ మూడు రోజులుగా ముద్ద ముట్టలేదు. నాన్నేమో "ఉండనీ, పది రోజులు లోపలుంటే బుద్ధొస్తుంది" అని మొహం తిప్పుకుని కూర్చున్నారు. నాకు ఎటూ పాలుపోవడం లేదు. నిజంగా రాదా?

వానచినుకు
అయ్యో అక్కా. మా చిన్నాన్న కొడుక్కి కూడా ఇలాగే అయింది, వాడికి నాలుగో రోజే వచ్చేసింది. కాబట్టి రాదనడం అబద్ధం. రూల్సు నాకు తెలీవు, తెలిసినవాళ్లు చెప్తారు.

నల్లకోటు
ఆ లాయరు గారు చెప్పింది పెద్దవాళ్ల చట్టం. మీ తమ్ముడికి అది వర్తించదు. 2015 నాటి జువైనల్ జస్టిస్ చట్టం 12వ సెక్షన్ చూడండి. పద్దెనిమిది నిండని వాడి మీద బెయిలబుల్ నేరం మోపినా నాన్‌బెయిలబుల్ నేరం మోపినా బెయిల్ ఇవ్వాలి అని ఉంటుంది. "ఇవ్వవచ్చు" కాదు, "ఇవ్వాలి". జామీను, అంటే పూచీ పడే మనిషి, ఉన్నా లేకున్నా సరే. లేదంటే ప్రొబేషన్ ఆఫీసర్ (పిల్లాడి ఇంటి పరిస్థితి చూసి బోర్డుకి నివేదిక ఇచ్చే అధికారి) పర్యవేక్షణలోనో, తగిన వ్యక్తి సంరక్షణలోనో పెట్టి పంపొచ్చు. క్రిమినల్ ప్రొసీజర్‌లో ఏమున్నా దీన్నే పాటించాలని ఆ సెక్షన్‌లోనే రాసుంది.

కాదనడానికి మూడే కారణాలు. బయటికొస్తే పేరుమోసిన నేరగాళ్లతో మళ్లీ కలుస్తాడని నమ్మే ఆధారం ఉండాలి. లేదా పిల్లాడికి నైతికంగానో శారీరకంగానో మానసికంగానో ప్రమాదం ఉండాలి. లేదా విడుదల చేస్తే న్యాయం దెబ్బతినాలి. ఈ మూడింటిలో ఏది, ఎందుకు అన్నది బోర్డు కాగితం మీద రాయాలి. నేరం ఎంత పెద్దదన్న మాట ఆ సెక్షన్‌లో ఎక్కడా లేదు. చార్జిషీటు మాట అసలే లేదు.

సోమవారమే పిటిషన్ వేయించండి.

సూటిగా
నాకు కోపం వస్తోంది, రాయకుండా ఉండలేను. రెండేళ్ల కింద మా అమ్మ మెళ్లో గొలుసు లాగారు. ఆవిడ కింద పడి తుంటి విరిగింది. ఇవాళ్టికీ గోడ పట్టుకునే బాత్రూంకి వెళ్తుంది. పట్టుబడ్డ ముగ్గురిలో ఒకడు మైనరు. వాడు వారం తిరక్కుండా వీధిలో కనిపించాడు. "పిల్లాడు" అనగానే అన్నీ సర్దుకుపోతాయా? పెద్దక్క గారూ, మీ బాధ అర్థమవుతోంది. కానీ ఆ ఫోను పోయినావిడ గురించి ఈ చర్చలో ఒక్కరూ అడగలేదు.

పెద్దక్క
మీరన్నది నిజం సూటిగా గారూ. ఆవిడకి దెబ్బలేం తగల్లేదని, ఫోను దొరికిందని స్టేషన్లో చెప్పారు. వెళ్లి క్షమాపణ అడుగుదామంటే కేసు నడుస్తుండగా వెళ్లకూడదేమోనని ఆగాం. మీ అమ్మగారి సంగతి చదివితే చేతులు ఆడలేదు.

నల్లకోటు
ఆవిడ దగ్గరికి వెళ్లకండి, మంచి మనసుతో వెళ్లినా సాక్షిని బెదిరించారంటారు.

సూటిగా గారూ, మీ కోపంలో న్యాయం ఉంది. కానీ బెయిల్ అంటే కేసు కొట్టేసినట్టు కాదు. విచారణ నడుస్తూనే ఉంటుంది, మొదటిసారి హాజరుపరిచిన రోజు నుంచి నాలుగు నెలల్లో తేల్చాలి, కావాలంటే ఇంకో రెండు నెలలు పెంచుకోవచ్చు. తప్పు చేశాడని తేలితే సమాజ సేవ చేయించడం దగ్గర్నుంచి ప్రత్యేక గృహంలో మూడేళ్ల వరకు ఉంచడం దాకా 18వ సెక్షన్ కింద ఆర్డర్లున్నాయి. మీ అమ్మగారి విషయంలో ఆ కుర్రాడు బయట కనిపించిన రోజుకి కేసు అయిపోలేదు. ఆ మాట మీకు ఎవరూ చెప్పకపోవడం తప్పే.

లెక్కల మాస్టారు
పెద్దక్కా, అన్నిటికంటే ముందు పదో తరగతి సర్టిఫికెట్ ఒరిజినల్ తీసి పెట్టుకో అమ్మా. నా దగ్గర చదివిన ఒక అబ్బాయిని పోలీసులు చూడ్డానికి పెద్దవాడిలా ఉన్నాడని 19 రాసేశారు. మామూలు జైలుకి రిమాండు. వాళ్ల నాన్న నా దగ్గరికొచ్చి ఏడిస్తే స్కూలు అడ్మిషన్ రిజిస్టరు నకలు తీసి ఇచ్చాను. అది చూపించాకే బోర్డుకి మార్చారు.

నల్లకోటు
మాస్టారు గారు చెప్పింది ముఖ్యం. 94వ సెక్షన్ ప్రకారం మొదట చూసేది స్కూలు ఇచ్చిన పుట్టినతేదీ సర్టిఫికెట్ లేదా పదో తరగతి సర్టిఫికెట్. అవి లేకపోతే మున్సిపాలిటీ, పంచాయతీ ఇచ్చినవి. ఏవీ లేనప్పుడే ఎముకల పరీక్ష. ఆధార్ కార్డు ఆ జాబితాలో లేదు. మైనరునన్న సంగతి ఏ కోర్టులోనైనా, ఏ దశలోనైనా చెప్పుకోవచ్చు, తీర్పు అయిపోయాక కూడా.

కొత్తగాలి
నేరం జరిగిన రోజు 17, దొరికిన రోజు 18 దాటితే?

నల్లకోటు
నేరం జరిగిన రోజే లెక్క. 18 దాటాక పట్టుకున్నా విచారణ బోర్డులోనే.

పాత ఉత్తరం
ఈ ఐడీతో నేను ఇక్కడ నాలుగేళ్లుగా ఉన్నాను, ఈ సంగతి ఎప్పుడూ రాయలేదు. పదహారేళ్లప్పుడు ఒక కొట్లాట కేసులో నేను 23 రోజులు హోంలో ఉన్నాను.

పెద్దక్కా, మీ నాన్నగారికి ఇది చదివి వినిపించండి. పది రోజులుంటే బుద్ధొస్తుందని మా నాన్న కూడా అన్నాడు. నన్ను కొట్టినవాళ్లెవరూ లేరు, తిండి పెట్టారు. కానీ రాత్రి ఎనిమిదికి తలుపు వేశాక పెద్ద గది, నలభై చాపలు. నా పక్క చాప వాడు మూడోసారి వచ్చినవాడు. బండి తాళం లేకుండా ఎలా స్టార్ట్ చేయాలో చాప మీద వేలితో బొమ్మ గీసి చెప్పేవాడు. నాకు ఇవాళ్టికీ గుర్తుంది. నేను ఆ పని చెయ్యలేదు, అది నా అదృష్టం. నాకు బుద్ధొచ్చింది మాత్రం ఆదివారం మా అమ్మ ములాఖత్‌కి వచ్చి, ఏం మాట్లాడాలో తెలీక నా చొక్కా కాలరు సర్దుతూ అరగంట నిలబడినప్పుడు. దానికి ఒక్కరోజు చాలు, 23 అక్కర్లేదు.

ఇంకోటి. నాకు మూడో రోజే బెయిల్ ఇచ్చారు. జామీనుకి మనిషి దొరక్క ఇరవై రోజులు ఉండిపోయాను. షరతు తగ్గించమని అడగొచ్చని మా వాళ్లకి చెప్పినవాడు లేడు.

వానచినుకు
అన్నా, చదివి ఏం రాయాలో తెలీలేదు. రాసినందుకు థాంక్స్.

సూటిగా
పాత ఉత్తరం గారూ, మీ పోస్టు రెండుసార్లు చదివాను. నా మాట నేను వెనక్కి తీసుకోను, కానీ ఆ చాప సంగతి నేనెప్పుడూ ఆలోచించలేదు.

గడప దాకా
నేను ప్రొబేషన్ ఆఫీసరుగా చేసి రిటైరయ్యాను. లాయర్ల సంగతి నల్లకోటు గారు చెప్పారు, ఇంటివాళ్లు చేయాల్సింది నేను చెప్తాను.

బోర్డు బెయిల్ ఇచ్చేముందు చూసేది వీడు ఎక్కడికి వెళ్తాడు, ఎవరు చూసుకుంటారు అని. దానికి జవాబు సామాజిక పరిశోధన నివేదికలో ఉంటుంది. రెండు వారాల్లో ఇవ్వాలని చట్టం, కానీ అడిగితే ముందే ఇస్తారు. మేం ఇంటికి వస్తే మీరు భయపడి ఇల్లంతా సర్ది, పిల్లాడు బంగారం అని మొదలుపెడతారు. మేం చూసేది అది కాదమ్మా. నేనైతే ముందు పిల్లాడు పడుకునే చోటు చూపించమనేదాన్ని. ఒకింట్లో మేకుకి కాలేజీ బ్యాగు తగిలించి ఉంది, దాని మీద దుమ్ము పట్టి ఉంది. వాళ్లమ్మ "రోజూ వెళ్తున్నాడండీ" అంటోంది. ఆవిడ అబద్ధం చెప్పడం లేదు, ఆవిడకి నిజంగా తెలీదు. పొద్దున్నే పాచిపనికి వెళ్లి రాత్రికి వస్తుంది. ఆ మాట దాచకుండా చెప్పమన్నాను, చెప్పింది. మరి పగలు ఎవరు చూస్తారు అంటే వాళ్ల మేనమామ ముందుకొచ్చాడు, తన వెల్డింగు షాపులో కూర్చోబెట్టుకుంటానని. అదే రాశాను. బెయిల్ వచ్చింది.

మీ కేసులో బోర్డు పట్టుకునేది ఆ 22 ఏళ్లవాడిని. వాడి మీద పాత కేసులుంటే మొదటి కారణం కిందికి వస్తుంది. వాడు మీ వీధివాడేనా?

పెద్దక్క
పక్క వీధే అండీ. వాడి మీద ఇంతకుముందు రెండు కేసులున్నాయని ఇప్పుడు తెలిసింది. నాకు పెళ్లయింది, మేం వేరే ఊళ్లో ఉంటాం, గంటన్నర దూరం. మా ఆయనతో నిన్న రాత్రే మాట్లాడాను, తీసుకొచ్చేద్దాం అన్నారు. కానీ అమ్మానాన్నలు ఉండగా నేను అడగొచ్చా?

గడప దాకా
అడగొచ్చు. కన్నవాళ్లు ఒప్పుకుంటున్నామని రాసివ్వాలి. మీ ఇంటి చిరునామా రుజువు, మీవారి పని వివరాలు, కాలేజీ సంగతి ఏం చేస్తారు, ఇవన్నీ ఒక కాగితం మీద పెట్టి జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో ఇవాళే ఇవ్వండి. సోమవారం మీవారు కూడా రావాలి. బోర్డులో మేజిస్ట్రేటుతో పాటు ఇద్దరు సామాజిక కార్యకర్తలు కూర్చుంటారు, వాళ్లలో ఒకరైనా మహిళ ఉంటారు. ఎక్కువ ప్రశ్నలు వాళ్లే అడుగుతారు. సూటిగా జవాబు చెప్పండి.

నల్లకోటు
సరిగ్గా ఇదే. నా పిటిషన్లు చాలావరకు గెలిచింది సెక్షన్లతో కాదు, ఇలాంటి కాగితంతోనే. పోలీసులు "పాత నేరస్తులతో కలుస్తాడు" అంటే "ఆ వీధిలోనే ఉండడు" అన్నది మీ జవాబు.

అలాగే ఆ ఇద్దరి కేసుతో కలిపి వీణ్ని విచారించడానికి లేదు. పెద్దవాళ్ల కేసు వేరే కోర్టులో నడుస్తుంది. వాళ్లకి బెయిల్ రాలేదు కాబట్టి వీడికీ రాదనే వాదన నిలబడదు.

కొత్తగాలి
స్నాచింగ్ అంటే పెద్ద నేరం కదా, అయినా ఇంత తేలిగ్గానా?

నల్లకోటు
భారతీయ న్యాయ సంహిత 304వ సెక్షన్, గరిష్ఠ శిక్ష మూడేళ్లు. జువైనల్ చట్టం లెక్కలో మూడేళ్ల వరకూ ఉంటే చిన్న నేరం. ఏడేళ్లు, ఆ పైన కనీస శిక్ష ఉన్నవే హీనమైన నేరాలు. పదహారు దాటినవాడిని పెద్దవాడిలా విచారించాలా అన్న ప్రాథమిక మదింపు వాటికే. మామూలుగా చిన్న నేరాలకి పిల్లల మీద ఎఫ్ఐఆర్ కూడా ఉండదు, స్టేషన్లో రోజూ రాసే జనరల్ డైరీలో రాసి సామాజిక నేపథ్య నివేదికతో బోర్డుకి పంపాలి. ఇక్కడ పెద్దవాళ్లు కలిసి ఉన్నారు కాబట్టి ఎఫ్ఐఆర్ అయింది.

హీనమైన నేరమైనా బెయిల్‌కి చూడాల్సింది ఆ 12వ సెక్షనే. రాజస్థాన్‌లో ఏడాదికి పైగా లోపలే ఉన్న ఒక బాలుడికి 2024లో సుప్రీంకోర్టు బెయిల్ ఇచ్చింది. ఆ మూడు కారణాల్లో ఫలానాది వర్తిస్తుందని కింది కోర్టుల్లో ఎవరూ రాయలేదని తప్పుపట్టింది. "న్యాయం దెబ్బతింటుంది" అన్న మూడో కారణాన్ని ఏది పడితే అది నింపే సంచిలా వాడేస్తున్నారు. కాదంటే 30 రోజుల్లో చిల్డ్రన్స్ కోర్టుకి అప్పీలు వేసుకోవచ్చు.

నిర్వాహకుడు
చిన్న మాట. అబ్బాయి పేరు, కాలేజీ, ఊరు, ఫొటో ఎవరూ పెట్టకండి, వేరే పేరుతో సందేశాల్లో కూడా అడగకండి. 74వ సెక్షన్ ప్రకారం అలా బయటపెట్టడం నేరం. ఇంతవరకూ ఎవరూ పెట్టలేదు, సంతోషం.

చిట్టి
మా వాడికి 19. వాడికి ఇవేవీ వర్తించవా?

నల్లకోటు
వర్తించవు. నేరం రోజున 18 నిండితే మామూలు చట్టమే. అయినా దారులున్నాయి. ఏడేళ్ల లోపు శిక్ష ఉన్న కేసుల్లో అరెస్టు తప్పనిసరి కాదు, నోటీసు ఇచ్చి పిలవొచ్చు. 60 లేదా 90 రోజుల్లో చార్జిషీటు పడకపోతే బెయిల్ హక్కు అవుతుంది. 21 లోపు వయసు ఉంటే శిక్ష వేసేటప్పుడు 1958 నాటి ప్రొబేషన్ చట్టం జైలుకి పోకుండా అడ్డుపడుతుంది. మీ సంగతి విడిగా ఒక చర్చ పెట్టండి, అక్కడ రాస్తాను.

లెక్కల మాస్టారు
లాయరు ఫీజు ఇవ్వలేనివాళ్లు కూడా ఇది చదువుతుంటారు. పిల్లలకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లండి, లేదా 15100కి ఫోన్ చేయండి.

పెద్దక్క
సోమవారం సాయంత్రం రాస్తున్నాను. బెయిల్ ఇచ్చారు! కొత్త లాయరమ్మ న్యాయ సేవాధికార సంస్థ నుంచి వచ్చారు. బోర్డులో కూర్చున్న మేడం మా ఆయన్ని "ఈ అబ్బాయి రాత్రి తొమ్మిదికి ఇంటికి రాకపోతే ఏం చేస్తారు" అని అడిగారు. "నేనే వెతుక్కుంటూ వెళ్తానండీ" అన్నారు ఈయన. అంతే, ఆవిడ రాసుకున్నారు.

కానీ తమ్ముడు ఇంకా లోపలే ఉన్నాడు. ఇద్దరు జామీనుదారులు కావాలి, ఆస్తి కాగితాలతో. మాది అద్దె ఇల్లు. చుట్టాల్లో నలుగురిని అడిగాం. ఇద్దరు ఫోనెత్తలేదు. ఒకాయన "పరువు పోతుందమ్మా" అన్నారు.

పాత ఉత్తరం
నాకు ఇరవై రోజులు పోయింది ఇక్కడే. ఊరుకోకండి అక్కా.

నల్లకోటు
12వ సెక్షన్ నాలుగో ఉపసెక్షన్. షరతులు ఏడు రోజుల్లో తీర్చలేకపోతే పిల్లాడిని మళ్లీ బోర్డు ముందుకు తేవాలి, షరతులు మార్చడానికి. ఏడో రోజు దాకా ఆగక్కర్లేదు. జామీను తీసేసి అక్క, బావల స్వంత పూచీకత్తు మీద, ప్రొబేషన్ ఆఫీసర్ పర్యవేక్షణలో పంపమని రేపే పిటిషన్ వేయించండి. అద్దె ఒప్పందం జత చేయండి, ఎవరెవరిని అడిగి కాదనిపించుకున్నారో అఫిడవిట్‌లో రాయండి.

సూటిగా
మీ చుట్టం పరువు మాట నాకు నచ్చలేదు. పిల్లాడి మీద కోపం వేరు, ఇది వేరు.

పెద్దక్క
గురువారం. ఇంటికి తెచ్చుకున్నాం.

జామీను తీసేశారు. నేనూ మా ఆయనా సంతకాలు పెట్టాం. ప్రతి ఆదివారం పదింటికి ప్రొబేషన్ ఆఫీసర్ దగ్గర కనిపించాలి. ఆ ఇద్దరితో ఫోన్లో కూడా మాట్లాడకూడదు. నెలనెలా కాలేజీ హాజరు కాగితం ఇవ్వాలి. గేటు దగ్గర వాడు అదే గురువారం నాటి చొక్కాతో వచ్చాడు, మోచేతి దగ్గర చిరిగి ఉంది. అమ్మని పట్టుకుని ఏడుస్తాడనుకున్నాను. "నాన్న రాలేదా" అన్నాడు. నాన్న వచ్చారు. రోడ్డుకి అవతల స్కూటరు పక్కన నిలబడి ఉన్నారు, ఇవతలికి రాలేదు. వీడే దాటి వెళ్లాడు. ఏం మాట్లాడుకున్నారో నాకు వినపడలేదు.

పాత ఉత్తరం గారూ, మీ పోస్టు నాన్నకి శనివారమే చదివి వినిపించాను. ఫోను తీసుకుని మళ్లీ తనే చదువుకున్నారు.

వానచినుకు
అక్కా!! చాలా సంతోషం. బావగారికి ఇక సాయంత్రం నడక తప్పదు, తొమ్మిదికి వెతకాలి కదా :)

గడప దాకా
మొదటి రెండు నెలలు గట్టిగా పట్టుకోండమ్మా. వాడి పాత స్నేహితుల్లో మంచివాడు ఒక్కడైనా ఉంటే వాణ్ని మాత్రం ఇంటికి రానివ్వండి. అందరినీ తెంపేస్తే పిల్లాడు ఉండలేడు.

పాత ఉత్తరం
ఉద్యోగానికి ఇది అడ్డొస్తుందేమోనని వాడు రాత్రిళ్లు ఆలోచిస్తాడు, అడగడు. మీరే చెప్పండి. జువైనల్ బోర్డులో తేలిన కేసు వల్ల అనర్హత ఉండదు, 24వ సెక్షన్. కేసు ముగిశాక క్యారెక్టర్ సర్టిఫికెట్ కోసం పోలీసులు ఆ రికార్డు బయటపెట్టకూడదు. నేను వెరిఫికేషన్ దాటి ఇప్పుడు తొమ్మిదో ఏడు పని చేస్తున్నాను.

పెద్దక్క
చెప్తాను అన్నా. ఒక్క సందేహం. వచ్చే నెల రెండో ఆదివారం వాడికి ఎంట్రన్స్ పరీక్ష ఉంది, పొద్దున తొమ్మిదికే. అదే టైంకి సంతకం. వెళ్లకపోతే బెయిల్ రద్దవుతుందా?

నల్లకోటు
చెప్పకుండా మానేస్తే ఇబ్బందే. హాల్ టికెట్ నకలు పెట్టి బోర్డులో వారం ముందే ఒక మెమో వేయించండి, ఆ ఒక్క వారానికి శనివారం కనిపిస్తామని. ప్రొబేషన్ ఆఫీసర్‌కీ ఒక కాపీ ఇచ్చి, తీసుకున్నట్టు సంతకం పెట్టించుకోండి.

పెద్దక్క
రేపే వెళ్తాను.